బాయి పనోని బిడ్డకు ఉప్మా లేదు

జూన్ 18

ఇవాళ శాలిని బడిలో పొద్దుటి టిఫిన్ మొదలుపెట్టారు. శాలినికి పెట్టలేదు.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉంది. ఏడుపు లేదు, అలక లేదు, టీవీలో వార్తలు చదివినట్టు చెప్పింది. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బన్ కత్తిరించాడట. పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ వరండాలో కూర్చోబెట్టారట. పేరు రానివాళ్ళను బెల్లు కొట్టేదాకా గ్రౌండులో ఆడుకోమన్నారట.

"ఏం పెట్టిన్రు?" అన్నాను.

"ఉప్మా. అండ్ల పల్లీలు గూడ ఏసిన్రు."

"నీకెట్ల ఎరుక?"

"వాసనొచ్చింది. ఎన్ని పల్లీలో మాత్రం చెప్పలేను. గంత దూరం కనవడదు గద అన్నా."

నాలుగో తరగతి పిల్లకు ఈ నోరు అమ్మ నుంచి రాలేదు, బాపు నుంచి రాలేదు. నా చెల్లె కాబట్టి వచ్చింది.

పేరు ఎందుకు పిలవలేదో నాకు తెలుసు. బడిలో చేర్పించినప్పుడు తండ్రి యిర్మియా, బొగ్గు కంపెనీ కార్మికుడు, పర్మినెంటు అని రాయించాం. అప్పుడది నిజం. బాపును డిస్మిస్ చేసి రెండేళ్ళవుతోంది. ఆ సంగతి బడికి ఎవరూ చెప్పలేదు.

జూన్ 19

ఈ టిఫిన్ చట్టం ఫోనులో దొరికింది. బెల్టు ఆగినప్పుడల్లా చదివాను. బొగ్గు బెల్టు మీద రాయి ఏరిపారేసే కాంట్రాక్టు కూలీకి చట్టంతో ఏం పని అని నర్సింగం నవ్వాడు. వాడు నా ఎదురుగా నిలబడి ఏరతాడు.

"ఏం లాయర్ సాబ్, తీర్పెప్పుడు?" అన్నాడు.

నేను ఇంటర్ తప్పినవాడినే. చదవడం మాత్రం ఆపలేదు. చాయ్ హోటల్లో పేపర్లు చదివాను, పాత పుస్తకాల బండి మీద దొరికినవన్నీ చదివాను. అందుకే ఈ చట్టం రాసినవాళ్ళ తెలివి నాకు అర్థమైంది. "అవసరమున్న విద్యార్థి" ఎవరో చెప్పడానికి ఒక సెక్షన్ మొత్తం ఖర్చుపెట్టారు. ప్రభుత్వంలో గాని, ప్రభుత్వ వాటా ఉన్న కంపెనీలో గాని తల్లికో తండ్రికో పర్మినెంటు కొలువుంటే ఆ ఇంటి పిల్లకు అవసరం లేదట. పిల్ల పొద్దున తిని వచ్చిందా అని అడిగే ముక్క ఎక్కడైనా ఉందేమోనని మొదటి నుంచి మళ్ళీ వెతికాను. లేదు. దీన్ని బల్లలు చరిచి పాస్ చేసినవాళ్ళలో ఆ పూట ఖాళీ కడుపుతో వచ్చినవాడు ఒక్కడూ ఉండడు.

పేరు తప్పినవాళ్ళకు ఒక దారి వదిలారు. ఇంట్లో సంపాదించే పెద్దవాళ్ళెవరైనా బడి కమిటీ ముందుకు వచ్చి, పదిమంది వినేలా, మాకు లేదు అని నోటితో చెప్పుకోవాలి. కమిటీ నమ్మితే పేరు ఎక్కుతుంది. ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబితే కన్నవాళ్ళ మాటకే విలువ. దీనికి సామాజిక ధ్రువీకరణ అని పేరు. సిగ్గు విడిచి అడుక్కోవడానికి ఇంత గౌరవమైన పేరు నేనెక్కడా చదవలేదు.

కమిటీ ఛైర్మన్ ఎవరో కాదు, సదయ్య కాక. బాపు పనిచేసిన బొగ్గు బాయిలో యూనియన్ లీడరు. బాపు కేసు ఆయన చేతిలోనే ఉంది.

జూన్ 20

శాలినికి పొద్దున ఆకలి కాదు. చిన్నప్పటి నుంచీ అంతే.

జూన్ 22

చర్చి నుంచి వచ్చాక బాపుతో మాట్లాడాను.

బాపు ఇప్పటికీ మొదటి షిఫ్టు వేళకు లేస్తాడు. ఖాకీ చొక్కా తొడిగి, బూట్లు వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని పోతాడు. బాయి దాకా పోతాడు, బాయిలోకి పోడు. గేటు పక్కన యూనియన్ ఆఫీసులో పొద్దంతా ఉండి, షిఫ్టు దిగే జనంతో కలిసి ఇంటికి వస్తాడు. రోజూ కళ్ళ ముందు తిరగాలె, మళ్ళ తీసుకునేటప్పుడు కనవడేటోళ్ళే యాదికొస్తరు అని సదయ్య కాక చెప్పాడట. క్వార్టర్ ఖాళీ చేసి ఈ రేకుల ఇంట్లోకి వచ్చాం కదా, ఇక్కడి వాళ్ళ లెక్కలో బాపు కొలువు చేస్తున్నాడు.

తప్పు ఎవరిదని అడిగితే ఇద్దరిదీ. బాయిలో దిగిన రోజుకో మస్టరు పడుతుంది. ఏడాదిలో అవి తక్కువైతే ఇంటికి పంపిస్తారు. బాపు దిగని రోజుల్లో సగం నడుము నొప్పివి, సగం మందువి. కంపెనీ రెండో సగమే చూసింది. బాపు మొదటి సగమే చెబుతాడు.

ఆదివారం కూడా బూట్లకు పాలిష్ పెడుతూ కూర్చున్నాడు.

"బాపూ, శాలిని పేరు ఎక్కియ్యాలంటే కమిటీల చెప్పాలె."

"ఏమని?"

"నీకు కొలువు లేదని."

"కొలువు లేదని ఎవలన్నరు? కేసు నడుస్తున్నది."

"రెండేండ్ల సంది నడుస్తనే ఉన్నది."

"నడుస్తున్నదా లేదా, గది చెప్పు." బ్రష్ పక్కన పెట్టాడు. "మనంతట మనమే పోయి తీసేసిన్రని ఒప్పుకుంటే మేనేజ్‌మెంటోడు రేపు గదే పట్టుకుంటడు. మీ ఇంట్లోళ్ళే ఒప్పుకున్నరు గదనయ్యా అంటడు. గంటెడు ఉప్మాకు పర్మినెంటు కొలువు పోగొట్టుకుంటమారా?"

"ఉంటె గద పోయేది," అంది అమ్మ. బాపుతో కాదు, తోముతున్న గిన్నెతో.

నాకు ఒళ్ళు మండింది. కాని నిదానంగా ఆలోచిస్తే బాపు మాటలో ఒక లెక్క ఉంది. ఆయన మళ్ళీ ఎక్కి, ఓ ఏడాది ఎట్లాగో దిగి, మెడికల్ అన్‌ఫిట్ అయితే డిపెండెంట్ కొడుకుగా ఆ కొలువు నాది. ఇది నా కోసం కాదు. నాకు పర్మినెంటు వస్తే శాలిని బడిలో ఉప్మా కోసం చూడాల్సిన పని ఉండదు. ఇంట్లోనే ఇడ్లీ తింటుంది.

జూలై 4

అమ్మ జ్యోతినగర్ నుంచి రావడం రావడమే నా దగ్గర నిలబడింది. అక్కడ ఇంజినీర్ల క్వార్టర్లలో బాసన్లు తోముతుంది. తెల్లవారకముందే ఆటోలో పోతుంది, అందుకే మా ఇంట్లో వంట రాత్రి పూటే. మిగిలిన అన్నం పొద్దున బాపు డబ్బాకు, నా డబ్బాకు సరిపోతుంది.

"రేపు కమిటీ అట. పోయి చెప్పు," అంది.

"నువ్వు పోరాదు?"

"నేను ఆడిదాన్ని మాట్లాడితె మీ బాపు పానం తీసుకుంటడు. నీకు కోపమెక్కువ గదా కొడుకా. ఆ కోపం ఒక్కసారన్న పనికొచ్చేకాడ పెట్టు."

పెడతాను. చట్టం చదివింది ఎందుకు మరి.

జూలై 5

పోయాను. డ్యూటీ మార్చుకుని మరీ పోయాను.

బడి గేటు దగ్గరే సదయ్య కాక ఎదురొచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి చెట్టు కిందికి నడిపించాడు. ఆయన మంచిగానే మాట్లాడతాడు, ఎవరినీ కసురుకోడు.

"శాంతిరాజ్, ఎంత ఎదిగినవురా. నీకు చెప్పాలనే చూస్తున్న. ఈసారి మేనేజ్‌మెంటుతోని గట్టిగ మాట్లాడినం. డిస్మిస్ అయినోళ్ళకు ఒక్క అవకాశం ఇస్తరట. లిస్టు తయారైతున్నది."

"బాపు పేరుందా కాకా?"

"నేనుండంగ ఎట్లుండది. కని ఇగో, గిప్పుడు నువ్వు కమిటీల లేసి మా బాపుకు కొలువు లేదంటె అది రాతకెక్కుతది. కొడుకే ఒప్పుకున్నడంటరు. నేను ఏ మొఖంతోని కొట్లాడాలె? నీ ఇష్టం బిడ్డా. పిల్ల తిండి ముచ్చట, నేను వద్దన."

ఆయన వద్దనలేదు. ఆ మాట రాసిపెట్టుకుంటున్నాను.

కమిటీలో హెడ్మాస్టర్ సంధ్యారాణి టీచర్, సదయ్య కాక, నలుగురైదుగురు తల్లులు. నాకంటే ముందు ఒకామె లేచి, తన భర్త ఇల్లు వదిలి పోయాడని చెప్పింది. పక్కనున్నవాళ్ళు నేల చూశారు. ఆమె పిల్లల పేర్లు ఎక్కాయి. తరువాత నన్ను పిలిచారు.

"చెప్పు బిడ్డా, మీ బాపు ఏం చేస్తడు?" సదయ్య కాకే అడిగాడు.

"బాయి పని."

"పర్మినెంటా?"

"పర్మినెంటే."

సంధ్యారాణి టీచర్ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "మరి ఏం పని మీద వచ్చినవు బాబూ?"

"మా చెల్లె చదువు ఎట్లున్నదో అడుగుదామని."

"మంచిగ చదువుతది. పొద్దున మొదటి పీరియడ్‌ల మాత్రం బెంచి మీద తల పెడ్తది. లేపితే లేస్తది, మళ్ళ పెడ్తది."

దానికి నిద్ర చాలడం లేదు. ఫోన్ చూస్తుంది.

జూలై 6

ఫోన్ ఇవ్వొద్దని చెప్పాను.

జూలై 7

అమ్మ అడిగింది. కమిటీ వాళ్ళు ఆలోచిస్తామన్నారని చెప్పాను.

జూలై 16

ముసురు. తడిసిన బొగ్గు బెల్టుకు అంటుకుంటుంది, రాయికీ బొగ్గుకూ తేడా చేతికి తెలియాలి తప్ప కంటికి తెలియదు. నర్సింగానికి లిస్టు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"లిస్టా? మా మామ గూడ గా లిస్టు కోసమే బతికిండు," అన్నాడు. "సచ్చిపోయినంక పెట్టె తీస్తె ఖాకీ అంగి ఇస్త్రీ చేసి ఉన్నది. ఏ యూనియనోడు పిలుస్తడో అని."

"ఈసారి అట్ల గాదు."

"అవును, ఈసారి ఇస్త్రీ నువ్వు చేస్తవు."

నర్సింగానికి కుళ్ళు. వాళ్ళ ఇంట్లో డిపెండెంట్ కొలువు వచ్చే దారే లేదు.

జూలై 29

శాలిని ముఖం తేటగా ఉంది. సాయంత్రం రాగానే గిన్నెలు తెరిచి చూడటం మానేసింది. బడిలో పిల్లలు వరండా వాళ్ళను ఉప్మా బ్యాచ్ అంటారట, గ్రౌండు వాళ్ళను ఆఫీసర్లంటారట.

"నేనిప్పుడు రెండిట్ల ఉన్న," అంది.

"రెండిట్ల ఎట్లుంటవ్?"

"నీకు చెప్పద్దన్నది."

"ఎవలు?"

"చెప్పద్దన్నదని చెప్పిన గద. ఎవలో చెప్తె చెప్పినట్టే గద. నువ్వేమన్న పోలీసోనివా?"

ఫోన్ ఆపితే ఎంత తేడా వచ్చిందో చూడు.

ఆగస్టు 2

కమిటీ ఇవాళ. నాకు డ్యూటీ ఉంది.

ఆగస్టు 5

కిరాణా కొట్టు దగ్గర మల్లక్క ఆపింది. బడిలో వంట ఆమెదే, మధ్యాహ్నంది మొదటి నుంచీ, ఇప్పుడు పొద్దుటిది కూడా. ఆమె గొంతు ఎప్పుడూ పొయ్యి ఇవతలి నుంచి అవతలికి మాట్లాడినట్టుంటుంది. ఇవాళ మాత్రం చిన్నగా మాట్లాడింది.

"తమ్మీ, మీ చెల్లెకు నేను పెడుతున్న. అందరు లేసినంక వంటగదిల వెనుక కూసుండవెట్టి పెడ్త. నీకు ఎరుక ఉండాలెనని చెప్తున్న."

"దానికి పొద్దున ఆకలి గాదు మల్లక్కా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మూడు గంటెలు తింటది. మొదటి దినం ఏం చేసిందో ఎరికేనా? పిల్లలు లేసిపోయినంక పళ్ళాలు నేను కడుగుత అక్కా అని వచ్చింది. పళ్ళాలు కడుగుతలేదు, అండ్ల అంటుకున్నది నాకుతున్నది. నేను చూసిన. చూసి చూడనట్టు ఉందామనుకున్న, కాలే."

నేను సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"నాకైతే పేరు లేని పిల్లకు పెట్టద్దని చెప్పిన్రు. పెద్దసార్లు వచ్చి ఫోన్‌ల మొఖాలు పట్టి హాజరు చూస్తరట, పళ్ళాలు లెక్కవెడ్తరట. వచ్చే కమిటీల నువ్వన్న మీ అమ్మన్న చెప్పున్రి. అంతదాక నేను చూసుకుంట."

సరే అన్నాను. మంచి మనిషి. వచ్చే కమిటీ దాకా అని ఆమే అంది కాబట్టి తొందరేమీ లేదు. లిస్టు ఈ నెలలోనే అని సదయ్య కాక బాపుతో అన్నాడట. శాలిని తింటోంది, లిస్టు వస్తోంది. రెండూ చెడకుండా నడుస్తున్నప్పుడు మధ్యలో వేలు పెట్టడం దేనికి.

ఆగస్టు 8

పళ్ళాల సంగతి అమ్మకు చెప్పలేదు.

ఆగస్టు 19

తనిఖీకి వచ్చారు. ఫోనులో పేరున్న ముఖాల కంటే పళ్ళాలు ఎక్కువున్నాయి. వంటగది వెనక శాలిని దొరికింది.

శాలిని చెబుతుంటే మధ్యలో మాట ఆగిపోయింది. ఇంత నోరున్న పిల్ల. పెద్దసారు, ఈ పిల్ల తండ్రి ఏం చేస్తాడు అని అడిగాడట. కంపెనీల పర్మినెంటు అని ఎవరో చెప్పారట. "పర్మినెంటోని బిడ్డకు ఎంగిలి పళ్ళాలకాడ ఏం పని?" అన్నాడట. అందరూ నవ్వారట. మల్లక్క నవ్వలేదట. పేదపిల్లల తిండి అర్హత లేనివాళ్ళకు పెట్టిందని మల్లక్కను రేపటి నుంచి రావద్దన్నారు. శనివారం కమిటీ కూర్చుని తేలుస్తుంది.

పేదపిల్లల తిండట. ఆ పెద్దసారు ఎవరో తెలిస్తే వాడి కారు అద్దాలు పగలగొట్టేవాడిని. వాడిని కన్న చట్టాన్ని తగలబెట్టాలి. బాపుకు బుద్ధి లేదు, అమ్మకు నోరు లేదు, ఆ టీచర్‌కు కళ్ళజోడు ఉంది గాని చూపు లేదు. అందరూ అందరే.

ఆగస్టు 20

మల్లక్క ఇంటికి పోయాను. బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"ఎందుకొచ్చినవు తమ్మీ? నాకు ఉప్మా తెచ్చినవా?"

"శనివారం నేను చెప్త అక్కా. బాపుకు కొలువు లేదని చెప్త. పిల్లకు అర్హత ఉందంటె నీ తప్పు ఉండది."

"జూలైల గూడ పోయినవట గద. టీచరమ్మ చెప్పింది. ఏం చెప్పినవు?"

చెరుగుతూనే ఉంది. పొట్టు నా కాళ్ళ మీద పడుతోంది. జరిగి నిలబడ్డాను.

"నువ్వు కోపమున్నోనివి అంటరు. నేను ఊకె మొత్తుకునే దాన్ని అంటరు. మనిద్దరిట్ల పిల్లకు పెట్టింది ఎవలు?"

ఆగస్టు 23

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడిలో అదే గది. సంధ్యారాణి టీచర్, సదయ్య కాక, తల్లులు, ఒక మూల మల్లక్క. నన్ను అడిగేలోపే లేచాను. బల్ల అంచు పట్టుకున్నాను, అది కోపానికి.

"మా బాపుకు కొలువు లేదు. డిస్మిస్ చేసి రెండేండ్లయితున్నది. మల్లక్క పెట్టింది అర్హత ఉన్న పిల్లకే," అన్నాను.

సదయ్య కాక కదల్లేదు. "అట్లనా? మరి మొన్న పర్మినెంటు అన్నవు గదా బిడ్డా."

"మొన్న అబద్ధం చెప్పిన."

"ఏది అబద్ధమో మాకెట్ల తెలవాలె?"

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. బాపు. ఖాకీ చొక్కా, బూట్లు, ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో కాగితం కప్పుల దొంతర. యూనియన్ ఆఫీసు నుంచి ఛైర్మన్‌కు చాయ్ తెచ్చాడు. నన్ను చూసి గడప మీదే నిలబడిపోయాడు. రోజంతా అక్కడ ఏం చేస్తాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొదటి షిఫ్టు నడుస్తున్న వేళ. పర్మినెంటు కార్మికుడు బాయిలో ఉండాల్సిన వేళ. ఆ గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. వాళ్ళ ముఖాలు చూస్తే అర్థమైంది, ఇవాళే కాదు, ఎప్పటినుంచో తెలుసు.

"రా యిర్మియా, మంచి టైముకొచ్చినవు," అన్నాడు సదయ్య కాక. "మీ కొడుకు నీకు కొలువు లేదంటున్నడు. కన్నోని మాట ముఖ్యం. నువ్వే చెప్పు."

బాపు కప్పులు బల్ల మీద పరిచాడు. ఒక్కో కప్పులో చాయ్ పోశాడు. టీచర్‌కు, తల్లులకు, మల్లక్కకు కూడా ఇచ్చాడు. నా ముందు ఒకటి పెట్టాడు. చుక్క కింద పడలేదు.

"పోరడు కోపంల అన్నడు సార్. నాది బాయి పని. కేసు నడుస్తున్నది, అంతే."

"కేసు నడుస్తున్నదంటె కొలువు ఉన్నట్టా, లేనట్టా?" సంధ్యారాణి టీచర్ అడిగింది.

"ఉన్నట్టే మేడం."

"యిర్మియా, పిల్లను చూసి చెప్పు," అంది మల్లక్క మూలలోంచి.

బాపు ఫ్లాస్కు మూత బిగించాడు. ఎంత బిగించినా ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

తండ్రి మాట రాతకెక్కింది. మల్లక్కను తీసేశారు. చాయ్ తాగకుండానే బయటికి వెళ్ళిపోయింది.

నేను తాగాను. చేతిలో కప్పు ఉంటే ఏం చెయ్యాలి మరి.

ఆగస్టు 24

చర్చికి పోలేదు. బాపుతో మాట్లాడలేదు. ఆయన్ను జన్మలో క్షమించను.

ఒక రకంగా చూస్తే, బాపు మాటే రాతకెక్కింది గాని నాది ఎక్కలేదు. లిస్టుకు అడ్డమేమీ లేదు.

సెప్టెంబరు 1

కొత్త వంటామెకు పేరు లేనివాళ్ళకు పెట్టే ధైర్యం లేదు. శాలిని ఇంటి దగ్గర బెల్లు వేళ దాకా కూర్చుని, ఆలస్యంగా పోతోంది. వాసన రాకుండా అట.

సెప్టెంబరు 5

పొద్దున దానికి ఆకలి కాదు అని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను.

సెప్టెంబరు 13

అమ్మ ఇవాళ జ్యోతినగర్ పోలేదట. నాకు తెలియదు, డ్యూటీలో ఉన్నాను. శాలిని చెప్పిందే రాస్తున్నాను. ఈసారి మాట మధ్యలో ఆపలేదు.

కమిటీ కూర్చున్న గదిలోకి అమ్మ పనికి పోయే చీరతోనే పోయిందట. ఎవరూ పిలవలేదు. శాలినిని కూడా పక్కన నిలబెట్టుకుందట.

"ఏమన్నది?"

"నా పేరు సుగుణమణి అన్నది. మా ఆయనకు కొలువు లేదు, ఆయనకు చెప్పే ధైర్యం లేదు అన్నది. నేను నలుగురిండ్లల్ల బాసన్లు తోముత, నా బిడ్డ మీ బడిల పళ్ళాలు నాకింది అన్నది."

పళ్ళాల సంగతి అమ్మకు ఎవరు చెప్పారో. మల్లక్కే అయి ఉంటుంది.

"ఇంకా?"

"పొద్దుగాల మా ఇంట్ల అన్నం ఉండదని గాదు, ఉంటది. రెండు డబ్బలల్లకు పోతది. పిల్లదాకా రాదు అన్నది. డబ్బలు కట్టింది గూడ నేనే, నాది గూడ తప్పే అన్నది."

"రెండు డబ్బలన్నదా?"

"రెండే అన్నదన్నా."

"సదయ్య కాక ఏమన్నడు?"

"యిర్మియా వేరే చెప్పిండు గదమ్మా అన్నడు. అమ్మ ఏమన్నదంటె, పిలువున్రి, నా ముంగట చెప్పమనున్రి, నేను గీడనే కూసుంట అన్నది. కూసున్నది. చాన సేపు కూసున్నది. బాపును పిలువ పోయిన్రు. రాలేదు."

శాలిని పేరు ఎక్కింది. ఇవాల్టి తేదీ నుంచి ఎక్కింది కాబట్టి, ఆగస్టులో పేరు లేని పిల్లకు పెట్టిన మల్లక్క తప్పు తప్పుగానే ఉంటుందట. అమ్మ ఆ సంగతి కూడా అడిగిందట. చట్టం అంతే అన్నారట.

ఎవరిని తిట్టాలో తోచలేదు. ఇవాళ ఎవరినీ తిట్టకుండానే పేజీ నిండింది.

సెప్టెంబరు 15

అమ్మ డబ్బాలు కట్టలేదు. అన్నం గిన్నెలోనే ఉంచి మూత పెట్టి పోయింది.

శాలిని బడిలో కిచిడీ తిన్నదట. ఎలా ఉంది అంటే "బాగుంది" అంది, ఇంకేమీ అనలేదు. ఇంతకుముందైతే ఎన్ని బఠానీలో కూడా చెప్పేది.

సెప్టెంబరు 16

బాపు లేవలేదు. మొదటి షిఫ్టు సైరన్ మోగింది, గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. జ్వరమా అని అమ్మ పని నుంచి వచ్చాక నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు.

సెప్టెంబరు 18

ఇవాళ కూడా లేవలేదు. ఇట్లా ఆఫీసుకు పోకపోతే ఎట్లా. రోజూ కళ్ళ ముందు తిరగాలని కాక అన్నాడు కదా. ఎవరో ఒకరు పోయి నచ్చజెప్పాలి. అమ్మ ఆవేశంలో అన్న మాటలు ఇంటి మాటలు, కేసుతో సంబంధం లేదని చెప్పాలి. చట్టం చదివినవాడిని నేనే కాబట్టి నేనే చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. గట్టిగా అడగాలి. లిస్టు ఏది, ఎప్పుడు, అందులో మా పేరు ఎక్కడ అని అడగాలి. మల్లక్క కొలువు సంగతి కూడా అడగాలి. ఏ ముఖం పెట్టుకుని ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నావు అని అడగాలి.

సెప్టెంబరు 20

డ్యూటీ దిగి యూనియన్ ఆఫీసుకు పోయాను. నలుగురు లీడర్లు కూర్చుని ఉన్నారు. సదయ్య కాక నన్ను చూసి నవ్వాడు. కోపం ఏమీ లేదు ఆయనకు.

"మీ అమ్మ మాటలు నేను మనసుల పెట్టుకోలే బిడ్డా. ఆడిమనిషి, పిల్ల తల్లి," అన్నాడు. "లిస్టు ముచ్చట పైన నడుస్తున్నది. వచ్చే నెల."

"బాపు పేరు..."

"ఉంటది. మీ బాపు నాలుగైదు దినాల సంది వస్తలేడు, గీడ పని ఆగుతున్నది. గా ఫ్లాస్కు తీస్కపోయి హోటల్ల ఐదు చాయ్ పట్టుకరా. జల్ది రా, మీటింగున్నది."

తెచ్చాను. అందరికీ పోశాను.

చక్కెర తక్కువైందన్నారు. రేపు హోటల్ వాడికి చెప్పి ఎక్కువ వేయించాలి.